మా ఆడబిడ్డ చదివిన మెడ

మొన్న పన్ను నొస్తున్నదని మా సందు చివర కొత్తగ పెట్టిన పండ్ల దవాఖానకు పోయిన. అక్కడొక కుర్చీ ఉన్నది, కూసోంగనే మనల్ని ఎనక్కి పండవెడతది. ఆ డాక్టరు పిల్లగాడు మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు ఏసుకొని వచ్చి, పన్ను సంగతి తర్వాత అన్నట్టు ముందుగాల నా దవడ కింద రెండు దిక్కుల వేళ్లతోని ఒత్తి చూసిండు. ఏం చూస్తున్నవు బిడ్డా అంటే, "ఏం లేదమ్మా, వాపేమన్న కిందికి దిగిందా అని" అన్నడు. నా నోరు ఊకోదు గద, "ఇన్వెస్టింగ్ లేయర్ లోపటికి పోలేదు గద?" అని అడిగిన. పిల్లగాడు చెయ్యి తీసి నా దిక్కు చూసిండు. "అమ్మా, మీరు నర్సు పని చేసిండ్రా?" అన్నడు. "లేదు బిడ్డా, రొట్టెలు చేసిన" అన్న. ఇద్దరం నవ్వుకున్నం. పన్ను పీకించుకొని, దవడల దూది పెట్టుకొని ఇంటికి వస్తుంటె, దారి పొడుగూత నా యాదిల మా ఆడబిడ్డనే నడిచింది.

నాకు పెండ్లయి కార్వాన్ నుంచి లాల్‌దర్వాజాకు వచ్చిన కొత్తలు. గుడి ఎనక సందుల కిరాయిల్లు. రెండర్రలు, ఒక వసారా, నడుమ బండలు పరిచిన వాకిలి, వాకిట్ల నల్లా. మా మామ, మా ఇంటాయన ఇద్దరు కంచన్‌బాగ్ దిక్కు ఫ్యాక్టరీల పని. పొద్దుగాల సైకిళ్లెక్కి పోయిండ్రంటె ఇల్లు మా ముగ్గురు ఆడోళ్లది. మా అత్తమ్మ, మా ఆడబిడ్డ, నేను. అత్తమ్మ అంటే మామూలు అత్తమ్మ కాదు. ఆమె నోరు తెరిస్తే సందు మలుపుకాడ కూరగాయల బండి ఆగుతుండె. ప్రతి ఆషాఢంల ఇంటి బోనం ఆమెదే. పసుపు పూసిన కుండ నెత్తిన పెట్టుకొని, దాని మీద దీపం, చుట్టు వేపాకు, రెండు చేతులు వదిలేసి ఆ జనంల నడుస్తుంటె చూడాలె. మెడ ఇటు కదిలేది కాదు, అటు కదిలేది కాదు. అంత బలమైన మెడ నేను మల్ల ఏ ఆడమనిషికి చూడలే, మొగోళ్లకు గూడ చూడలే.

ఆడబిడ్డ నాకన్న చిన్నది, సన్నగ ఉంటుండె, పెద్ద జడ. డాక్టరు చదువు చదువుతుండె. మా సందుల డాక్టరు చదువుతున్న మొదటి ఆడపిల్ల ఆమెనే, గందుకని సందు మొత్తం ఆమెను డాక్టరమ్మా అనే పిలుస్తుండె. కడుపు నొచ్చినా, కండ్లు మండినా, ఆఖరుకు మేక పాలియ్యకున్నా మా వాకిట్లకే వస్తుండిరి. నేనింకా ఇంజక్షను గూడ పట్టలేదు పెద్దమ్మా అని ఆమె మొత్తుకుంటుంటె, సగం చదివితేంది, మొత్తం చదివితేంది, గోలియ్యి అంటుండిరి. పొద్దుమూకంగ బస్సు దిగి వచ్చి, నేను పొయ్యికాడ జొన్నరొట్టెలు కొడుతుంటె పక్కనే పీట ఏసుకొని గట్టిగ వల్లె ఏస్తుండె. నేను ఏడో తరగతి మనిషిని, నాకేం తెల్వాలె ఆ ఇంగ్లీషు? అయినా దినాం వింటుంటె చెవులల్ల పడుతది గద. నా చెయ్యి రొట్టె మీద చప్పుడు చేస్తుంటె ఆమె దానికి తగ్గట్టె చెప్తుండె. ఎక్కడన్న మరిస్తె నేను రొట్టె ఆపి, నిన్న ఇక్కడ ఇంకోటేదో అన్నవే అంటుంటి. "వదినా, నువ్వు నాకన్న ముందు పాసయితవు" అని నవ్వుతుండె.

నేను కాదు గని, ఆమె గూడ కాలే. అందరి ముంగట నిలబెట్టి అడిగే పరీక్షల మెడ పొరలు చెప్పుమన్నరంట. పిల్ల నోరు పెగల్లేదు. పుస్తకం మొత్తం కండ్ల ముంగట కనవడుతనే ఉన్నది వదినా, మాట మటుకు గొంతుల ఆగిపోయింది అన్నది. ఫేలయింది. ఇగ ఆర్నెల్ల తర్వాత మల్ల రాయాలె. ఆ దినం ఇంటికొచ్చి నల్లా కింద మొకం కడుగుతనే ఉన్నది. అత్తమ్మ ఏం అనలే. ఆమె ఏం అనకపోవుడే మాకు భయం. తర్వాత నన్ను పక్కకు పిలిచి, సందుల ఎవ్వరికి చెప్పకు పిల్లా అన్నది. చెప్పే పనే లేదు, అప్పటికే గోడవతల ఖాలాకు తెలిసింది, ఖాలాకు తెలిస్తె ఇగ మిగిలిందెవ్వరు? ఖాలా అంటే మా పక్కింటామె. ఆమె అత్తగారి కాలంనుంచి అక్కడే ఉంటున్నరు. మా ఇంట్ల మనిషి లెక్కనే, గోడమీదికెంచి కూర గిన్నెలు ఇటు అటు పోతుండె.

మర్నాడు ఇంట్ల మేమిద్దరమే ఉన్నప్పుడు ఆడబిడ్డ నన్ను వాకిట్ల పీట మీద కూసోవెట్టింది. చదివితె కాదు వదినా, కట్టి చూడాలె అన్నది. మామ పాత ధోతి చింపు నా మెడకు గట్టిగ చుట్టింది. ఇది వెన్నుపూసను, దాని పక్క కండలను పట్టుకొనుండే లోపటి పొర అన్నది. ముందట గొంతుకాడ పొయ్యి ఊదే గొట్టం నిలబెట్టి, అదే గాలి గొట్టం అనుకొమ్మని, దాని మీదికెంచి తన చున్నీ కప్పింది. అది నడుమ పొర. రెండు దిక్కుల దస్తీలు చుట్టలు చుట్టి పెట్టింది. ఒక్కొక్క దాంట్ల ఎర్ర రిబ్బను, నీలి రిబ్బను, తెల్లదారం. ఎర్రది గుండెకాడికెంచి తలకు నెత్తురు తెచ్చేది, నీలిది తిరిగి గుండెకు కొంచవొయ్యేది, దారమేమో నరం. మూడిటిని ఒక్క తొడుగుల పెట్టిండు చూడు దేవుడు, మస్తు తెలివి అన్నది. ఇగ అన్నిటికి మీద చుట్టే పొర ఒకటి ఉన్నది, గట్టిది, అదే ఇన్వెస్టింగ్ లేయర్. పైన దవడ ఎముకకు, కింద మెడకాడి ఎముకకు పట్టుకొని మెడ మొత్తాన్ని చుట్టుకుంటదంట. దారిల కండ ఎదురైతె రెండుగ చీలి, దాన్ని లోపట పెట్టుకొని, అవతల మల్ల ఒకటైతదంట. దానికి తగ్గ బట్ట ఇల్లంత ఎతికింది. ఆఖరుకు బట్టల సందుక తెరిచి అత్తమ్మ బోనం చీర, పసుపుపచ్చ పట్టుది, తీసుకొచ్చింది. తువ్వాలలు చుట్టి కండలని పెట్టి, చీరను రెండు మడతలుగ విడదీసి వాటి మీదికెంచి తిప్పి మల్ల కలిపింది. నాకు ఊపిరాడుత లేదు గని, ఆ పిల్ల మొకం చూస్తె ఆపబుద్ధి కాలే. మెరుస్తున్నది మొకం. అప్పుడే అత్తమ్మ కూరగాయల సంచి పట్టుకొని వాకిట్లకు వచ్చింది.

"ఏందే ఇది! కోడలికి ఉరి పోస్తున్నవా?" అని సంచి కింద పడేసింది. అంతట్లనే చీర గుర్తువట్టింది. "వామ్మో, నా బోనం చీర!" ఇగ చూడు లొల్లి. నా ఊపిరి సంగతి ఎనుకవడ్డది, చీర సంగతి ముందటవడ్డది. ఖాలా గోడమీదికెంచి తల పెట్టి "క్యా హువా, క్యా హువా" అనుడు, ఆడబిడ్డ పొర పొర అని చెప్పబోవుడు, అత్తమ్మ "నీ పొరల పాడుగాను" అనుడు. నేను గొంతుకాడ ఊదుగొట్టంతోని నవ్వలేక సచ్చిన.

ఆషాఢం వచ్చింది. సందుల గోడలకు సున్నాలు, ఇండ్లముందట వేపకొమ్మలు. బోనాల ఆదివారం దగ్గరికొచ్చిన ఆ వారంల అత్తమ్మ ఉన్నట్టుండి మాట్లాడుడు బందువెట్టింది. కొంగు దవడ కిందికెంచి తిప్పి నెత్తిమీద ముడేసుకున్నది. బువ్వ వద్దన్నది, చేతితోనే సైగలు. అమ్మవారికి మౌనం పట్టిందేమో అనుకున్నం మేము. నిజం చెప్పాలంటె ఇల్లు చానా హాయిగ ఉండె. కూరల ఉప్పెక్కువైనా ఎవ్వరేమనరు, రొట్టె మాడినా ఎవ్వరేమనరు. మా మామ గూడ తీరిగ్గ కూసోని చాయ తాగిండు. గని ఆమెకు కింది దవడల ఎనక పన్ను పుచ్చి, నొప్పి తట్టుకోలేక లవంగాలు కుక్కుకొని, ఎవ్వరికి చెప్పకుండ తిరుగుతున్నదని ఎవ్వరికెరుక? చెప్తె దవాఖాన అంటరు, దవాఖాన అంటె బోనం పోతది. గదీ ఆమె లెక్క.

శుక్రవారం పగటియాల్లకు ఆ కొంగు దాచలేకపోయింది. దవడ కింద రెండు దిక్కుల వాపు వచ్చి గడ్డం, మెడ ఒక్కటయినయి. పండుకుంటె ఊపిరాడుతలేదని వసారా గోడకు ఒరిగి కూసున్నది. ఖాలా చూసి పరుగున పోయి, అవిసెలు నూరి ఉడికించి గుడ్డల కట్టుకొని వచ్చి ఏడేడిగ కట్టింది. ఆమె ఆ పని బాగ చేస్తుండె, సందుల ఎవ్వరికి సెగగడ్డ లేసినా ఆమె పట్టీనే. "పక్‌నే దేవ్ బహెన్. పండితె దాని అంతటదే పగుల్తది, చీము పోతది, ఆరాం అయితది" అన్నది. మాకందరికి తెలిసిన వైద్యం గూడ అదే. గడ్డను పచ్చిగున్నప్పుడు ముట్టొద్దు, పండాలె. నా చిన్నప్పుడు మా అమ్మ నా కాలిగడ్డకు గట్లనే కట్టింది, పగిలింది, మానింది. ఇగ ఆదివారం లోపల పండి పగిలితె బోనానికి అడ్డం లేదని అత్తమ్మ వేళ్లు ముడిచి లెక్కవెట్టి చూపెట్టింది.

గప్పుడే ఆడబిడ్డ కాలేజి నుంచి వచ్చింది. పుస్తకాలు నా చేతులల్ల పెట్టి, తల్లి ముంగట కూసోని, పట్టీ విప్పి చూసింది. వేళ్లతోని ఒత్తింది. ఒత్తిన తావల మెత్తదనం లేదు, చెక్క తీర్గ గట్టిగున్నది. తోలు ఎర్రగ గూడ లేదు. నోరు తెరువుమన్నది. వేలు పట్టేంత గూడ తెరుచుకోలే, ఆ సందుల నాలుక పైకి ఎత్తుకొచ్చి కనవడ్డది, ఉమ్మి మింగలేక కారుతున్నది. ఆడబిడ్డ మొకంల నెత్తురు లేదు. "అమ్మా, లే. దవాఖానకు పోదాం, ఇప్పుడే" అన్నది. అత్తమ్మ తల అడ్డంగ ఊపింది. ఆదివారం తర్వాత అని సైగ. ఖాలా, "పండనియ్యి బిడ్డా, పచ్చిగడ్డను కోయిపిస్తవా?" అన్నది. ఆ పిల్ల "ఇది పండదు ఖాలా!" అని ఒర్లింది. ఆమె గొంతు అంత పెద్దగ లేస్తదని నాకు అప్పటిదాక తెల్వది. అత్తమ్మ బిడ్డ దిక్కు చూసిన చూపు నాకు సమజయింది. ఫేలయిన పిల్లవు, నీకేం తెలుసు అన్న చూపు. నోటితోని అనలే, అనే నోరు లేదు. గని ఆడబిడ్డకు గూడ సమజయింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి.

గంతే, లోపటికి ఉరికి సందుక తెరిచింది. మల్ల అదే బోనం చీర. నన్ను చెయ్యి పట్టి గుంజి అత్తమ్మ ముంగట కూసోవెట్టి, నా మెడకు ఆ చీర బిగ్గట్టి చుట్టింది. బోనానికని గంపల తెచ్చిపెట్టిన నిమ్మకాయలల్ల ఒకటి తీసి, నా దవడ కింద చీర లోపటికి తోసింది. "అమ్మా, ఇగో. ఈ నిమ్మకాయనే చీము. కాలిగడ్డ తోలు కిందనే ఉంటది, గందుకే పగుల్తది. ఇది గట్టిపొర లోపటున్నది. బయటికి తీసి చూపెట్టు" అన్నది. అత్తమ్మ కదల్లే. ఖాలానే వంగి చీర మీదికెంచి నిమ్మకాయను ఒత్తింది, నొక్కింది. ఎంత ఒత్తినా చీర చినుగుతదా? నిమ్మకాయ లోపల లోపల జారింది. గొంతుమీదికెంచి దిగి, నా జాకెట్ల పడి, ఛాతీకాడ ఆగింది. నేను ఉలిక్కివడి చెయ్యి అక్కడ పెట్టుకున్న. "గీడికి దిగుతది" అన్నది ఆడబిడ్డ, నా చెయ్యి మీద చెయ్యేసి. "దిగకముందే నాలుక ఎనక్కి పడి ఊపిరి ఆపుతది. ఆదివారం దాక నువ్వుండవమ్మా. పరీక్షల నేను చెప్పలే, నిజమే. గని నాకు తెల్వక కాదు."

అత్తమ్మ నా జాకెట్ల నిమ్మకాయ దిక్కు చానాసేపు చూసింది. తర్వాత వేలెత్తి, మూలకున్న బోనం కుండను చూపెట్టి, నన్ను చూపెట్టింది. నువ్వెత్తుకుంటవా అని. నెత్తిన బిందె పెట్టుకొని నల్లా కాడికెంచి వసారా దాక సక్కగ నడవని మనిషిని నేను. ఆ జనం, ఆ డప్పులు, ఆ దీపం! "ఎత్తుకుంట అత్తమ్మా, నీ ఒట్టు" అన్న. గప్పుడు లేసింది ఆమె. ఖాలా బురఖా ఏసుకొని రిక్షాను ఆపింది. దవాఖానల ఏ తలుపు ఎటుందో ఆమెకు ఎరుకే. రిక్షా ఎక్కుతుంటె నా దిక్కు తిరిగి, "మాఫ్ కర్‌నా బేటీ, జోర్‌సే దబాయీ" అన్నది. నిమ్మకాయ గట్టిగ ఒత్తినందుకు.

సర్కారు దవాఖానల పెద్ద డాక్టరు, నెరిసిన మీసాలాయన, అత్తమ్మను చూడంగనే కూసున్న తావలనుంచి లేసిండు. పండవెట్టొద్దు, కూసున్నదాన్ని కూసున్నట్టే లోపటికి తేండ్రి అన్నడు. ఊపిరాగితె గొంతుకాడ కోసి గొట్టమేసే సామాను గూడ పక్కకు పెట్టించి, దవడ కింద గాటు పెట్టిండంట. మేము బయట బండ మీద కూసున్నం. ఖాలా తస్బీ పూసలు తిప్పుతున్నది, నేను లాల్‌దర్వాజా తల్లిని మొక్కుతున్న, ఆడబిడ్డ గోడకు ఆనుకొని నిలవడి తన మెడ తనే తడుముకుంటున్నది. ఆ పిల్లను చూస్తె నాకు అత్తమ్మకన్న ఎక్కువ ఆమె మీదనే పానం కొట్టుకున్నది. తన మాట తప్పయితె ఎట్ల, నిజమయి ఆలస్యమయితె ఎట్ల? రెండు దిక్కుల భయమే గద ఆమెకు.

ఆయన చేతులు తుడుచుకుంట బయటికొచ్చిండు. "ఊపిరి సాఫుగున్నది. చీము చారెడు గూడ లేదు, గని లోపల బిగువంత విడిచింది. ఎవరు తీసుకొచ్చిండ్రీమెను?" అన్నడు. ఆడబిడ్డ ముందటికొచ్చి తను ఏం చదువుతున్నదో చెప్పింది. "మరి అందరు పండేదాక ఆగుతరు, నువ్వెందుకాగలే?" అన్నడు. ఇగ మొదలువెట్టింది మా పిల్ల. తోలు కింది పొర కాడినుంచి వెన్నుపూస మీది పొర దాక, ఏది ఎక్కడ పుడుతది, ఏ కండకాడ చీలుతది, ఎక్కడ మల్ల కలుస్తది, పుచ్చిన పన్ను ఏరు ఎంత దిగువకుంటె చీము ఏ సందులకు పోతది, ఎక్కడా ఆగలే. ఎక్కడ ఊపిరి పీలుస్తదో నాకు తెలుసు, ఆమెతోని పాటు నా పెదాలు గూడ కదుల్తున్నయి. రొట్టె లేదు గని నా చెయ్యి తొడ మీద కొట్టుకుంటనే ఉన్నది. అయిపోయినంక ఆయన, "పరీక్షల గూడ గిట్లనే చెప్పినవా?" అన్నడు. "లేదు సర్. నోరు పెగల్లే." ఆయన నవ్విండు. "ఈసారి పెగుల్తది తియ్యి" అని పోయిండు. అప్పుడు ఏడ్చింది ఆడబిడ్డ, నా భుజం మీద, దవాఖానంత వినవడేటట్టు.

ఆదివారం నేనే బోనం ఎత్తుకున్న. ఆ పసుపుపచ్చ చీరనే కట్టుకొని. నెత్తిన కుండ బరువు పడంగనే నా మెడల ఒక్కొక్క పొర బిగుసుకున్నట్టు తెలిసింది. ఎనక కండ, పక్క కండ, వాటిని చుట్టుకున్న గట్టి పొర. భయపడకు, ఇంతమంది పట్టుకొనున్నరు నీ తలను అని నాకు నేనే చెప్పుకుంట నడిచిన. చేతులు మటుకు వదల్లే, రెండు చేతులతోని పట్టుకున్న, అబద్ధమెందుకు. మర్నాడు దవాఖానకు పోతె, మెడకు కట్టుతోని కూసున్న అత్తమ్మ నన్ను చూసి, ఆ గాటు పడ్డంక మొట్టమొదటి మాట అన్నది. గీసినట్టున్నది గొంతు. "పడేసినవా?"

పడెయ్యలే అత్తమ్మా అన్న. నవ్వబోయి, నొప్పికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. తర్వాత నా చెయ్యి పట్టుకొని మల్ల విడిచిపెట్టలే.

ఆ ఆర్నెల్ల పరీక్షల ఆడబిడ్డ పాసయింది. మల్ల ఆషాఢానికి బోనం అత్తమ్మదే. దవడ కింద గాటు గీత మెరుస్తుండంగ, చేతులు వదిలేసి నడిచింది. ఆనాటినుంచి ఇంటికి ఎవరొచ్చినా గడ్డమెత్తి ఆ గీత చూపెడుతుండె. "మా బిడ్డ చదువు కాయితం మీద లేదమ్మా, ఇగో, ఇక్కడున్నది" అంటుండె. ఖాలా గూడ మారింది. ఎవ్వరన్న దవడ వాపుతోని వస్తె పట్టీ కట్టకుండ, ముందుగాల ఒత్తి చూసి, గట్టిగుంటె, "యే మేరా కామ్ నై, డాక్టరమ్మ కనే జావ్" అని ఆడబిడ్డ కాడికే తోలుతుండె. అత్తమ్మ ఆ గీతతోని మస్తు ఏండ్లు బతికింది. మనమండ్లను ఎత్తింది, వాళ్ల పెండ్లిండ్లల్ల లొల్లి వెట్టింది, నా కూరల ఉప్పుకు ఆఖరు దాక వంకలు వెట్టింది.

ఆమె పోయిన దినం స్నానం చేపిచ్చేటప్పుడు నేను, ఆడబిడ్డ ఇద్దరమే దగ్గరున్నం. ఆడబిడ్డ అప్పటికే పెద్ద డాక్టరయి, రిటైరయి, జుట్టు తెల్లగయింది. మెడకు పసుపు రాస్తుంటె నేను ఆ గీత కోసం ఎతికిన. కనవడలే. మెడ నిండ ముడతలు. ఎటు తిప్పి చూసినా ముడతలే. దొరుకుత లేదే అన్న. ఆడబిడ్డ నా వేలు పట్టుకొని, చూడకుండనే, సక్కగ దాని మీద పెట్టింది. మమ్ములనంత గడగడలాడిచ్చిన గీత, కాలం చేతులవడి ఇన్ని ముడతలల్ల ఒక ముడత అయి కూసున్నది. వేలు పట్టి చూపెట్టేటోళ్లు ఉన్నన్ని దినాలే అది గీత.